కంట్రోలర్ గారి వాచీ

నీళ్లు తీసిన మర్నాడు కొడుకు జగ్గయ్యపేట ఇంట్లోకి అడుగుపెట్టేసరికి, ఆమె గడప అవతలే నిలబడి బీరువా కింది అర వైపు చెయ్యి చూపించింది. "ముందు ఆ బిస్కెట్ల డబ్బా తియ్యిరా" అంది. బీరువాలో ఇంటి కాయితాలున్నాయి. పెన్షన్ పుస్తకం ఉంది. వాటి సంగతి ఆమె అడగలేదు.

2024 ఆగస్టు ఆఖర్లో పట్టుకున్న వాన సెప్టెంబరు 1 నాటికి ఊళ్లను ముంచెత్తింది. అటు విజయవాడను బుడమేరు ముంచిన ఆ రోజుల్లోనే, ఇటు జగ్గయ్యపేటలో పల్లపు వీధులు చెరువులయ్యాయి. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద లారీలు బారులు తీరి ఆగిపోయాయి. నందిగామలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న తల్లి దగ్గరకు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె పక్కింటివాళ్ల డాబా మీద గదిలో తలదాచుకుంది.

డబ్బా మూత తియ్యగానే గుక్కెడు మట్టినీళ్లు కారాయి. లోపల తండ్రి ఆర్టీసీ బ్యాడ్జీ, రెండు పెన్నులు, మందుల కవరులో మడిచి పెట్టిన ఒక చిన్న పొట్లం, అడుగున వాచీ. గ్లాసు లోపల ఆవిరి పట్టింది. నీలం డయలు మీద సగం దాకా మట్టి గీత. నాలుగూ ఇరవైకి ఆగిపోయి ఉంది.

"చెవి దగ్గర పెట్టుకుని చూడు" అంది ఆమె. చూశాడు. చప్పుడు లేదు. ఆమె ఇంకేమీ అనకుండా చీపురు తీసుకుని బురద ఊడ్వడం మొదలుపెట్టింది.

పక్కింటావిడ మాత్రం అతన్ని ఓ పక్కకు పిలిచి చెప్పింది. "మీ నాన్నగారు పోయిన కాణ్ణించి రోజూ పొద్దున్నే కాఫీ తాగి ఆ వాచీకి కీ ఇస్తదయ్యా మీ అమ్మ. మొన్న నీళ్లొచ్చిన రాత్రి కూడా దానికోసం మళ్లీ లోపలికి పోబోతే మేమే చెయ్యి పట్టుకుని ఆపాం."

తండ్రి పోయి అయిదేళ్లు. ఆ అయిదేళ్లూ వాచీ ఆగలేదన్న సంగతి అతనికి ఆ రోజే తెలిసింది.

ఆ వాచీని జగ్గయ్యపేట బస్టాండులో ఒకప్పుడు చాలామంది ఎరుగుదురు. ఆయన కండక్టరుగా చేరి, కంట్రోలరుగా రిటైరయ్యాడు. బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది అని కాగితం మీద రాయడం ఆయన పని. "కంట్రోలర్ గారూ, టైమెంతయింది?" అని ప్రయాణికులు అడిగితే "ఎనిమిదిన్నర అయ్యుంటుంది" అనేవాడు కాదు. "ఎనిమిదీ ఇరవై ఎనిమిది" అనేవాడు. బస్టాండు గోడ గడియారం ఎన్ని చూపించినా డ్రైవర్లు ఆయన మణికట్టు వైపే చూసేవాళ్లు.

పొద్దున్నే రేడియో పెట్టి, వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్‌మనే చప్పుళ్ల కోసం వాచీ కీ పైకి లాగి పట్టుకుని కూర్చునేవాడు. ఆఖరి పిప్‌కి కీ లోపలికి నొక్కేవాడు. ఆ క్షణంలో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలకు అదొక ఆట. నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తేవాళ్లు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు స్పెషల్ బస్సులు వేసినప్పుడు ఆయన ఇంటికొచ్చేది అర్ధరాత్రి దాటాకే. అప్పుడు కూడా వాచీ తీసి, రుమాలుతో చెమట తుడిచి, బల్ల మీద పెట్టి గాని భోజనానికి కూర్చునేవాడు కాదు.

అలాంటి మనిషి వాచీని కొడుకు నందిగామ తెచ్చి మొదటి పని తప్పు చేశాడు. బియ్యం డబ్బాలో పెట్టాడు. సెల్‌ఫోను తడిస్తే అందరూ అదే చేస్తారు కదా అనుకున్నాడు. రెండు రోజులు అక్కడే ఉంచాడు.

ఆఫీసులో అతని పక్క సీటు కుర్రాడికి పాత హెచ్ఎంటీ వాచీలు పోగుచేసే అలవాటుంది. విషయం విని లేచి నిలబడ్డాడు. "బియ్యంలో పెట్టారా? ఇవాళే తీసి ఎవరైనా పాత రిపేరరు దగ్గరకు తీసుకెళ్లండి సార్. మూత బిగించి ఉన్న వాచీ లోపలి నీటిని బియ్యం ఎట్టా లాగుతుంది? లోపల ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది."

అది నిజం. తడిసిన వాచీకి గంటలే లెక్క. లోపలి పళ్లచక్రాలు, పలకలు చాలావరకు ఇత్తడివి గనక తట్టుకుంటాయి. కానీ కీ నుంచి లోపలికి వెళ్లే కడ్డీ, చిన్న చిన్న స్క్రూలు, స్ప్రింగులు ఉక్కువి. వాటికి బురదనీళ్లు తగిలితే ఒకట్రెండు రోజుల్లోనే ఎర్ర చుక్కలు తేలతాయి. ఎండలో పెట్టినా, జుట్టు ఆరబెట్టే మిషను పట్టినా ఆవిరి లోపలే తిరిగి ఇంకాస్త లోతుకు పోతుంది. నడుస్తుందేమో చూద్దామని కీ తిప్పితే సన్నటి ఇసుక పళ్లచక్రాల మధ్య నలుగుతుంది. ఆగిన వాచీని ఆగినట్టే ఉంచి, ఆ రోజే మూత తీయించాలి. అంతకుమించి ఇంటి వైద్యం లేదు.

వాచీని తిప్పి చూస్తూ ఆ కుర్రాడే ఇంకో మాటా అన్నాడు. "మెషిను జనతాదే సార్. కానీ ఈ డయలు కంపెనీది కాదు. తర్వాత ఎవరో మార్చారు. కొనేవాళ్ల లెక్కలో ఇది కల్తీ."

కల్తీ అన్న మాట అతని మనసులో గుచ్చుకుంది. తండ్రి జీవితంలో టైముకి సంబంధించి ఆ మాట ఎవరూ వాడి ఉండరు.

జగ్గయ్యపేట బజార్లో ఆ పెద్దాయన దుకాణం సగం ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లది. అది కొడుకు వ్యాపారం. మిగిలిన సగంలో గాజు పెట్టె, టేబులు లైటు, పాత మాత్రల డబ్బాల నిండా వాచీ సామాను. వాన నీళ్లు ఆ దుకాణం మెట్టు దాకా వచ్చి ఆగాయట. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వాచీ వెనక మూత తిప్పి తీశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బియ్యం సంగతి చెప్పాక మాత్రం తలెత్తి చూశాడు.

"అన్నం వండుకోవాల్సింది బాబూ, వాచీని కాదు."

ముందు యంత్రాన్ని చూపించాడు. పలక మీద చెక్కిన హెచ్ఎంటీ అక్షరాలు, 17 జువెల్స్ అన్న మాట కనిపించాయి. పాత వాచీని గుర్తుపట్టడానికి ఆయన చెప్పిన మొదటి సూత్రం ఇదే. డయలు మీద పేరు, లోపల యంత్రం మీద పేరు, వెనక మూత మీద గుర్తు, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. డయలు స్విట్జర్లాండ్ అని చెప్పి, లోపల యంత్రం ఇంకో ఊరిదైతే అది నాలుగు చచ్చిన వాచీలు కలిపి చేసిన ఒక బతికిన వాచీ. ముంబై వైపు నుంచి అలాంటివి కుప్పలుగా వస్తాయి. నడుస్తాయి కూడా. కాకపోతే అమ్మేవాడు చెప్పే కథ వాటిది కాదు.

రెండోది ముళ్లు. పెద్దముల్లు నిమిషాల గీతల దాకా అందాలి. పొట్టిగా ఆగిపోయినా, అంచు దాటినా అది వేరే వాచీ ముల్లు. మూడోది డయలు. కంపెనీ అచ్చులో అక్షరాలు సన్నగా, అంచులు తెగినట్టు ఉంటాయి. మళ్లీ రంగు వేసిన డయలు మీద అక్షరం లావెక్కి, గీతలు అంకెలకు ఎదురుగా సరిగ్గా పడవు. డయలు అడుగున రెండు సన్నటి కాళ్లుంటాయి. అవి యంత్రంలోని రంధ్రాల్లో కూర్చోవాలి. కాళ్లు కోసేసి బంకతో అంటించారంటే ఆ డయలు ఆ యంత్రం కోసం పుట్టింది కాదు. నలభై ఏళ్ల కేసులో నిన్న అచ్చేసినట్టు మెరిసే డయలు కనిపిస్తే సంతోషించడం కాదు, అనుమానించాలి.

"మరి 17 రాళ్లూ ఉన్నాయా?" అని అడిగాడు కొడుకు. పాత రోజుల్లో వాచీ రిపేరుకిస్తే రాళ్లు కొట్టేస్తారని ఇంటింటా అనుకునే మాట. పెద్దాయన నవ్వాడు. ఆ రాళ్లు కెంపులే, కానీ కొలిమిలో పుట్టిన కెంపులు. వెర్న్యూయి అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కెంపును కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. చక్రాల ఇరుసు మొనలు అరిగిపోకుండా తిరగడానికి వాటిని వాచీల్లో కూర్చోబెడతారు. అమ్ముకుంటే టీ డబ్బులు కూడా రావు. తీసేస్తే మాత్రం వాచీ నడవదు.

హెచ్ఎంటీ కథ చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిందే. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా పెట్టారు. అంతకుముందు మణికట్టు మీద వాచీ అంటే ఫావ్రె లూబా, వెస్టెండ్ లాంటి విదేశీ పేర్లే. అవి పెళ్లికొడుకులకు, పెద్ద ఉద్యోగస్తులకు. జనతా వచ్చాక గుమాస్తా, బడిపంతులు, కండక్టరు కూడా వాచీ పెట్టుకున్నారు. నల్ల డయలు పైలట్, కోహినూర్, కీ ఇవ్వక్కర్లేని కాంచన్ దాని తోబుట్టువులు. కాంచన్ కావాలని అలిగిన అల్లుళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980లలో జపాన్ సైకో సహకారంతో వాచీలు చేసింది. టైటాన్ 1987లో క్వార్ట్జ్ వాచీలతో మార్కెట్లోకి వచ్చాక కీ ఇచ్చే వాచీకి రోజులు తగ్గాయి. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. విచిత్రంగా, మూతపడుతుందన్న వార్త వచ్చాకే జనం వాటికోసం వెతకడం మొదలుపెట్టారు.

కంట్రోలర్ గారు 1980లో, బెంగళూరులో ఉండే బంధువు చేత తెప్పించుకున్నది జనతా. కీ ఇచ్చేది, తేదీ లేనిది. లోపలి చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. సెకనుకు అయిదు దెబ్బలు. రోజుకు 4,32,000. ఏడాదికి 15 కోట్లకు పైగా. ఆవగింజలో వందో వంతు కూడా ఉండని నూనె చుక్కల మీద ఈ పనంతా జరుగుతుంది. ఆ నూనె కొన్నేళ్లకు చిక్కబడి, ఎండి, జిగురవుతుంది. అప్పుడు కూడా వాచీ నడుస్తుంది. కానీ నడిచిన ప్రతి రోజూ తనను తానే అరగదీసుకుంటుంది.

పెద్దాయన వెనక మూతను లైటు కింద వంచి, లోపలి వైపు చూడమని భూతద్దం ఇచ్చాడు. మెరిసే ఉక్కు మీద సూదితో గీసిన చిన్న చిన్న అంకెలు కనిపించాయి. 2-83. 1-86. 2-89. 1-92. రిపేరు చేసినవాళ్లు తమ గుర్తుకోసం నెల, సంవత్సరం అలా గీసుకుంటారు. ఇంకోసారి వాచీ వస్తే ఎప్పుడు కడిగిందీ తెలుస్తుంది. వాచీ పెట్టుకున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

"ఇది మా గురువు గారి చేతిరాత. ఇక్కణ్ణించి నాది" అన్నాడాయన. "నెలలు చూడు బాబూ. అన్నీ ఒకటో నెల, రెండో నెల. తిరుపతమ్మ తిరునాళ్లు మాఘంలో కదా. స్పెషల్ బస్సులు పడకముందే వాచీ కడిగించుకోవాలని మీ నాన్న లెక్క."

జగ్గయ్యపేటకు పాత రాతలు కొత్త కాదు. ఊరి పక్క ధనంబోడు మీద 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం దగ్గర స్తంభాల మీద ఒక శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో ఆ స్తంభాలు ఇచ్చింది తానేనని సిద్ధార్థుడనే పనివాడు అందులో చెప్పుకున్నాడు. అన్ని వందల ఏళ్ల తర్వాత ఆ స్తంభాల కాలం మనకు తెలిసిందంటే ఆ రాత వల్లే. వాచీ మూత లోపలి గీతలూ అలాంటివే. పాలిష్ చేయించి అవి చెరిపేస్తే వాచీ మెరుస్తుంది, దాని పుట్టుపూర్వోత్తరాలు పోతాయి.

వరస ఒక్కచోట తప్పింది. 8-96. పక్కన "డ" అన్న అక్షరం. వర్షాకాలం. "డ అంటే డయలు మార్చానని" అన్నాడు పెద్దాయన. అంతకుమించి ఆయనకు గుర్తులేదు. ఆ తర్వాత కొన్ని అంకెలు. ఆఖరిది 2-08. కంట్రోలర్ గారు రిటైరైన సంవత్సరం.

"రిటైరయ్యాక రాలేదు మీ నాన్న. పదహారేళ్లు నూనె చుక్క లేకుండా నడిచింది ఇది" అన్నాడు. కడ్డీ తుప్పుపట్టింది. హెయిర్ స్ప్రింగు మీద చుక్కలు పడ్డాయి. హెయిర్ స్ప్రింగు వెంట్రుకంత సన్నం, దాని మీద తుప్పు తుడిస్తే పోయేది కాదు. కొత్త సామాను తయారవడం లేదు గనక, చచ్చిన ఇంకో జనతా నుంచి తీసి వెయ్యాలి. నెల పైనే పడుతుందన్నాడు. "ఇంకో రెండు రోజులు బియ్యంలో ఉంచి ఉంటే నేనూ ఏం చెయ్యలేకపోయేవాణ్ణి."

నందిగామ వచ్చాక అతనికి మందుల కవరులోని పొట్లం గుర్తొచ్చింది. కంట్రోలర్ గారికి ఒక అలవాటుండేది. సైకిలు బాగుచేయించినా, ఫ్యాను బాగుచేయించినా మార్చిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. నిజంగా మార్చారో లేదో తెలియాలి కదా అనేవాడు. పొట్లం విప్పితే అందులో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద తెల్ల డయలు. ఒక పక్క గోధుమరంగు మరకలు. మధ్యలో హిందీ అక్షరాల్లో జనతా అని ఉంది.

ఆఫీసు కుర్రాడు దాన్ని గోటి మీద పెట్టుకుని చూసి పొంగిపోయాడు. "ఇదే సార్ అసలుది! మరకలున్నా ఫర్వాలేదు. కాళ్లు కూడా ఉన్నాయి. ఆ నీలం తీసేసి ఇది పెట్టించండి. వాచీ మళ్లీ పుట్టినప్పటి వాచీ అవుతుంది. అమ్మితే మంచి ధర కూడా పలుకుతుంది."

అమ్మే ఉద్దేశం అతనికి లేదు. కానీ అసలుది అన్న మాట నచ్చింది. తండ్రి 1980లో చేతికి పెట్టుకున్న వాచీని అలాగే తిరిగి నిలబెట్టడం కంటే మంచిపని ఏముంటుంది? ఆదివారం జగ్గయ్యపేట వెళ్లినప్పుడు దార్లో పెద్దాయనకు ఇచ్చేద్దామని పొట్లం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. చిల్లకల్లు దాటుతుండగా అమ్మకు ఒకమాట చెబితే బాగుంటుందనిపించింది. నేరుగా ఇంటికి వెళ్లాడు.

గోడల మీద నీటి గీత ఇంకా ఉంది. ఆమె వరండాలో పరుపు దూది ఆరబెడుతోంది. పొట్లం చూడగానే గుర్తుపట్టింది.

"బస్సు వాగులో దిగబడితే అందరితోపాటు దిగి నెట్టాడంట. గ్లాసు చిట్లి నీళ్లు పోయినయ్యి. ఇట్టా మరకలు పడ్డయ్యని ఆయనకు మహా దిగులు. జీతం నాడు నన్ను కూడా బజారుకు తీసకపోయాడు. ఆ వాచీ ఆయన కాయితం మీద మూడు బిళ్లలు పెట్టి ఏది కావాలంటే, మీ నాన్న నా వైపు తిరిగి 'నువ్వు చెప్పు' అన్నాడు."

"నువ్వు ఏరావా ఆ నీలం?"

"మరి? తెల్లది మళ్లీ మరకలు పడుద్దన్నా. ఇంకోటి నల్లది. ఎండలో నిలబడి నిలబడి ఆయనే అట్టా అయ్యాడు, వాచీ కూడా ఎందుకన్నా. నీలం మీద ముళ్లు బాగా కనపడినయ్యి." ఆమె నవ్వింది. నీళ్లొచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. "నా చేత ఏదైనా ఏరించడం ఆయన అదొక్కసారే."

అతను జేబులోంచి తీసిన పొట్లాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఆఫీసులో అబ్బాయి ఈ పాతది పెట్టించమంటున్నాడమ్మా. అసలుది ఇదేనంట."

"అసలుదే. కాదని ఎవరన్నారు" అంది ఆమె. "ఆయన పదహారేళ్లు పెట్టుకున్నది అది. పోయేదాకా పెట్టుకున్నది నీలంది. రోజూ నేను చూసింది అది. నీ ఇష్టం."

నీ ఇష్టం అని ఆమె అన్నప్పుడు అందులో అతని ఇష్టానికి చోటుండదని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే మార్చకండి సార్. పొట్లం మాత్రం పారెయ్యకండి. 96లో మార్చామని కాయితం మీద రాసి అందులోనే పెట్టండి" అన్నాడు. కొనేవాడికి నీలం డయలు లోపమే. కొనబోతున్నప్పుడు అలాంటి లోపాలు పట్టుకోవడం తెలిసి ఉండాలి, లేకపోతే కల్తీ సరుకుకు అసలు ధర పెట్టి మోసపోతాం. కానీ ఇంట్లో ఉన్న వాచీని చూడాల్సింది కొనేవాడి కళ్లతో కాదు. ఏది ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అన్నది తెలిస్తే అది కల్తీ అవదు.

మీ ఇంట్లో బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో ఇలాంటి వాచీ ఉంటే, దాన్ని వెంటనే కీ ఇచ్చి నడిపించాలని చూడకండి. ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని ముందు రిపేరరు చేత విప్పించి, కడిగించి, నూనె వేయించాలి. చాకుమొనతో మూత తీసే ప్రయత్నం అసలు వద్దు. వాడుతున్న వాచీకి నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ సరిపోతుంది. కీ రోజూ ఒకే వేళకు ఇవ్వాలి. ఇక తిరగనన్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడ ఆపాలి. చేతికి పెట్టుకుని కీ తిప్పితే కడ్డీ మీద పక్కబలం పడుతుంది. తీసి తిప్పడం మేలు. తేదీ చూపించే వాచీ అయితే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తేదీ మార్చకూడదు. ఆ వేళలో తేదీ పళ్లు కరుచుకుని ఉంటాయి, విరిగిపోతాయి.

జనతా లాంటి పాత వాచీల గ్లాసు నిజానికి ప్లాస్టిక్కే. గీతలు పడితే మామూలు తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డ మీద వేసి నెమ్మదిగా రుద్దితే చాలావరకు పోతాయి. చెమట ఈ వాచీలకు పెద్ద శత్రువు. వెనక మూత ఉక్కుదైనా, చాలావాటికి ముందు కేసు ఇత్తడి మీద మెరుగు పూసింది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవాలి. ఉన్నట్టుండి వాచీ రోజుకు పది, పదిహేను నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే స్పీకర్ల, సెల్‌ఫోన్ల అయస్కాంతం అంటుకుందేమో చూపించండి. రిపేరరు దగ్గర దాన్ని విడిపించే పరికరం ఉంటుంది, నిమిషం పని.

ఇంకొక్క జాగ్రత్త. తాతల కాలం నాటి విదేశీ వాచీల్లో చీకట్లో మెరిసే అంకెలు, ముళ్లు ఉంటాయి. చాలావాటికి పూసింది నిజమైన రేడియమే. ఇప్పుడు మెరవడం లేదని అది చచ్చిందనుకోవద్దు. మెరుపునిచ్చే పొడి పాడవుతుంది గాని, రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీని ఇంట్లో విప్పడం, గీకడం, పిల్లల చేతికివ్వడం చెయ్యకూడదు. రిపేరుకిచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వాలి.

దసరాకు రెండు రోజుల ముందు పెద్దాయన కబురు చేశాడు. వాచీ నీలం డయలుతోనే ఉంది. మట్టి గీత పోయింది గాని, అంచున ఒక సన్నటి మరక మిగిలింది. వెనక మూత లోపల కొత్తగా 10-24 అని గీశాడు. పక్కన ఇంకో అక్షరం కూడా ఉంది. "న". అదేమిటని అడిగితే "నీళ్లు" అన్నాడు.

వాచీని తల్లి చేతికిచ్చి, ఫోనులో చూసి టైము పెడతానన్నాడు కొడుకు. ఆమె ఒప్పుకోలేదు. గోడకు తగిలించిన చిన్న రేడియో పెట్టింది. వార్తలకు ఇంకా పావుగంట ఉంది. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆమె లేవలేదు, అతనే వెళ్లి దించి వచ్చాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపింది.

రోజుకు రెండు నిమిషాలు ముందుకెళుతుంది, ఈ వయసులో అంతకంటే బాగా నడవదని పెద్దాయన ముందే చెప్పాడు. ఇప్పుడు కొడుకు నందిగామ నుంచి ఫోను చేస్తే తిన్నావా, మందులేసుకున్నావా అని అడగడం అయ్యాక ఆమె చెప్పే మొదటి మాట అదే.

"రెండు నిమిషాలు ముందుకు పోయిందిరా. పొద్దున సరిచేశా."